లారీ సెల్ఫ్ తీసుకోవట్లేదా? మోటార్ విప్పేముందు మీటర్ పెట్టి చూసే పద్ధతి మొత్తం

కీ తిప్పితే టక్ మని ఊరుకోవడమో, రెండు మూడు సార్లు బరువుగా మూలిగి ఆగిపోవడమో జరిగితే చాలు, మనవాళ్ళు వెంటనే "సెల్ఫ్ పోయింది" అనేస్తారు. సెల్ఫ్ అంటే ఇంజన్‌ని మొదట తిప్పి స్టార్ట్ చేసే మోటార్. ఇంక అక్కడ్నుంచి కిందకి దూరి ఆ మోటార్ విప్పడం, ఆటోనగర్ తీసుకెళ్ళి బ్రష్షులు బుష్షులు వేయించడం, డబ్బులు కట్టి తెచ్చి బిగించి కీ తిప్పితే మళ్ళీ అదే టక్. నేను చూసినంతవరకు సెల్ఫ్ మీద పడే నిందల్లో చాలామటుకు దానివి కావు. బ్యాటరీదో, కేబుల్‌దో, ఎర్త్‌దో (బాడీ మీదుగా కరెంట్ బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి) అయ్యుంటది. అందుకే ఈ గైడ్‌లో మోటార్ విప్పడం బాగా చివర్లో వస్తది, ముందంతా మీటర్ పనే.

ఇది 24 వోల్టుల లారీలు, టిప్పర్ల గురించి రాస్తున్నా, అంటే రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉండేవి. ఒకే బ్యాటరీ ఉండే చిన్న డీజిల్ బళ్ళకి కూడా పద్ధతి ఇదే, 24 వోల్టుల లెక్కలో ఉన్న అంకెలు సగం చేసుకుంటే సరిపోద్ది, ఒక్కో బ్యాటరీకి చెప్పిన అంకెలు మాత్రం అలాగే.

కావాల్సిన సామాను పెద్దగా ఏం లేదు. మామూలు డిజిటల్ మల్టీమీటర్, 24 వోల్టుల బల్బుకి రెండు వైర్లు కట్టిన టెస్ట్ లాంప్, వైర్ బ్రష్, ఎమరీ పేపర్, పానాలు, బ్యాటరీకి మూతలుంటే హైడ్రోమీటర్ (యాసిడ్ చిక్కదనం చూపేది), కీ తిప్పడానికి ఇంకో మనిషి. క్లాంప్ మీటర్ ఉంటే ఇంకా మంచిది, కానీ అది డీసీ కరెంట్ చూపించేది అవ్వాలి, ఇళ్ళలో ఎలక్ట్రీషియన్లు వాడే ఏసీ క్లాంప్ ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

ముందు ప్రాణం సంగతి

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకి ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టండి. ఈ మూడూ చేశాకే కిందకి దూరండి. స్క్రూడ్రైవర్ పెట్టి సోలనాయిడ్ (సెల్ఫ్ మీదుండే పెద్ద కరెంట్ స్విచ్) దగ్గర డైరెక్ట్ కొట్టే అలవాటు చాలామందికి ఉంది, బండి గేర్లో ఉంటే అలా కొట్టగానే బండి కదిలి కొట్టినవాడి మీదకే ఎక్కుద్ది. డీజిల్ ఇంజన్ కాబట్టి పాత పంపు బళ్ళయితే కీ ఆఫ్‌లో ఉన్నా కూడా అందుకునే ఛాన్స్ ఉంది, స్టాప్ కేబుల్ (పంపు నుంచి డీజిల్ ఆపేది) లాగి ఉంచకపోతే.

చేతికి కడియం, ఉంగరం, మెటల్ వాచ్ ఉంటే తీసి జేబులో పెట్టుకోండి. బ్యాటరీ ప్లస్‌కి, ఛాసిస్‌కి మధ్య పానా పడితే పానా ఎర్రగా కాలుద్ది, అదే ఉంగరం అయితే ఏమవుద్దో చెప్పక్కర్లేదు. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ గ్యాస్ ఉంటది, అక్కడ బీడీ, లైటర్ వద్దు. కేబుల్స్ తీసేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. బీఎస్-6 బళ్ళయితే ఇంకో విషయం, కీ ఆఫ్ చేసిన వెంటనే బ్యాటరీ కటాఫ్ తిప్పకండి, పొగని శుభ్రం చేసే యూరియా లైన్లు ఖాళీ చేసుకోడానికి ఆ సిస్టమ్ కాసేపు పనిచేస్తూనే ఉంటది, రెండు మూడు నిమిషాలన్నా ఆగి అప్పుడు కట్ చేయండి.

తోసి స్టార్ట్ చేద్దాం అంటారా, ఎయిర్ బ్రేక్ బండికి గాలి దిగిపోయి ఉంటే వెనక స్ప్రింగ్ బ్రేకులు పట్టేసి ఉంటాయి, తోయడానికి కదలదు. బలవంతంగా లాగిస్తే టైర్లు అరగడం తప్ప ఉపయోగం లేదు.

కీ తిప్పితే లోపల ఏం జరుగుద్ది

ఇది ఒక్కటి బుర్రకి ఎక్కితే మిగతా టెస్టులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి, అందుకే కొంచెం ఓపిగ్గా చదవండి.

కీ తిప్పితే రిలే (చిన్న కరెంట్‌తో కలిసే స్విచ్) పడుద్ది, రిలే నుంచి సన్న వైరు సోలనాయిడ్ మీద ఉన్న 50 అనే టెర్మినల్‌కి వస్తది. సోలనాయిడ్ లోపల రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి గట్టిగా లాగేది, ఇంకోటి లాగినదాన్ని పట్టుకుని ఉంచేది. లాగే కాయిల్ ఎర్త్ అయ్యేది నేరుగా బాడీకి కాదు, మోటార్ లోపలి బ్రష్షులు (తిరిగే భాగానికి కరెంట్ అందించే ముక్కలు), ఆర్మేచర్ (ఆ తిరిగే భాగం) మీదుగా. పట్టుకునే కాయిల్ మాత్రం నేరుగా బాడీకి ఎర్త్. రెండూ కలిసి ప్లంజర్‌ని లోపలికి లాగితే, ఫోర్క్ పినియన్‌ని (చిన్న పళ్ళ చక్రాన్ని) ముందుకి తోసి ఫ్లైవీల్ రింగ్ పళ్ళల్లో కూర్చోబెడుద్ది, అదే టైంలో ప్లంజర్ వెనక ఉన్న రాగి బిళ్ళ రెండు పెద్ద బోల్టుల్ని కలుపుద్ది, ఒక బోల్టు బ్యాటరీ కేబుల్ వచ్చే 30 టెర్మినల్, రెండోది మోటార్‌లోకి వెళ్ళేది. అప్పుడు అసలు కరెంట్ మోటార్‌లోకి పోయి ఇంజన్ తిరుగుద్ది. బిళ్ళ కలవగానే లాగే కాయిల్‌కి రెండు వైపులా ఒకే వోల్టేజ్ అయిపోయి అది పనిమానేస్తది, ఇంక పట్టుకునే కాయిల్ ఒక్కటే కీ వదిలేదాకా మోస్తది. ఇంజన్ అందుకున్నాక పినియన్ లోపలి వన్ వే క్లచ్ వల్ల ఇంజన్ స్పీడు ఆర్మేచర్‌కి ఎక్కదు.

ఇప్పుడు దీన్నుంచి రెండు విషయాలు తేలతాయి. బ్రష్షులు పూర్తిగా అరిగిపోతే లాగే కాయిల్‌కి దారే ఉండదు, కాబట్టి టక్ కూడా సరిగ్గా వినపడదు, మనం సోలనాయిడ్ పోయిందనుకుని దాన్ని మారుస్తాం, తప్పేమో లోపల బ్రష్షులది. రెండోది, పట్టుకునే కాయిల్ తెగితే ప్లంజర్ లాగడం, బిళ్ళ కలవగానే వదిలేయడం, మళ్ళీ లాగడం, టకటకటకటక అని మెషిన్‌గన్ లాగా వస్తది. బ్యాటరీ డౌన్ అయినా ఇదే శబ్దం. ఈ రెండిటికీ తేడా కింద చెప్తా.

చెవితో చేసే టెస్ట్

హెడ్‌లైట్లు వేసి ఉంచి కీ తిప్పమనండి, మీరు బయట నిలబడి లైట్లు చూస్తూ శబ్దం వినండి.

అసలు శబ్దమే లేదు, లైట్లు కూడా మామూలుగా వెలుగుతున్నాయి అంటే 50 టెర్మినల్‌కి కరెంట్ రావట్లేదు, లేదా పైన చెప్పినట్టు బ్రష్షులు. స్టెప్ 3 కి వెళ్ళొచ్చు, కానీ బ్యాటరీ చూడకుండా మాత్రం వెళ్ళొద్దు.

ఒక్క టక్, లైట్లు తగ్గలేదు. సోలనాయిడ్ లాగింది కానీ మోటార్‌లోకి కరెంట్ పోలేదు. కాలిపోయిన కాంటాక్ట్ బిళ్ళ, లేకపోతే బ్రష్షులు.

ఒక్క టక్, లైట్లు పూర్తిగా పడిపోయాయి. ఇది రెండు రకాలు. దారిలో ఎక్కడో జాయింట్ చెడి కరెంట్ అక్కడే ఆగిపోయి ఉండాలి, లేదా మోటార్ గానీ ఇంజన్ గానీ జామ్ అయ్యి ఉండాలి.

టకటకటక అంటూ లైట్లు కూడా దాంతోపాటు ఎగిరి పడుతుంటే బ్యాటరీ లేదా టెర్మినల్. కీ పట్టుకున్నంతసేపూ బ్యాటరీ దగ్గర వోల్టేజ్ బాగానే నిలబడి, 50 దగ్గర కూడా బాగానే ఉండి, అయినా టకటక అంటుంటే అప్పుడు సోలనాయిడ్‌లో పట్టుకునే కాయిల్.

బరువుగా తిరుగుతుంటే ఏదైనా కావచ్చు, స్టెప్ 1 నుంచి వరసగా వెళ్ళండి. గిర్రుమని మోటార్ ఒక్కటే తిరిగి ఇంజన్ తిరగట్లేదంటే వన్ వే క్లచ్ జారుతోంది, లేదా పినియన్ ముందుకి రావట్లేదు.

గరగరమని పళ్ళు రాసుకుంటుంటే రింగ్ చూడాలి. ఇక్కడ చిన్న కిటుకు ఉంది, ఇంజన్ ఆగినప్పుడల్లా కంప్రెషన్ వల్ల దాదాపు అవే చోట్ల ఆగుద్ది, 6 సిలిండర్లయితే రింగ్ మీద 3 చోట్ల, 4 సిలిండర్లయితే 2 చోట్ల, అందుకని పళ్ళు కూడా ఆ చోట్లే ముందు అరుగుతాయి. కాబట్టి ఒకసారి గరగరమని, ఇంజన్ కొంచెం చేత్తో తిప్పి మళ్ళీ కొడితే చక్కగా అందుకుంటే, సెల్ఫ్ కాదు రింగ్ చూడండి. సెల్ఫ్ మౌంటింగ్ బోల్టులు లూజైనా ఇదే శబ్దం, ముందు అవి పానాతో పట్టి చూడటం సులువు.

ఇంజన్ స్టార్టయ్యి కీ వదిలినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటే ఆలోచించకుండా ఇంజన్ ఆపి బ్యాటరీ కటాఫ్ తిప్పేయండి, ఇక్కడ యూరియా లైన్లు గీన్లు చూసుకోవద్దు. కాంటాక్ట్ బిళ్ళ అతుక్కుపోయుంటది, అలాగే వదిలేస్తే సెల్ఫ్ కాలి పొగొస్తది.

ఇంజన్ బాగా స్పీడుగా తిరిగి కూడా అందుకోకపోతే సెల్ఫ్‌ని వదిలేయండి, డీజిల్ లైన్లో గాలి, ఫిల్టరు, అలాంటివి చూసుకోండి.

స్టెప్ 1: బ్యాటరీలు, రెండూ విడివిడిగా

రెండిటికీ కలిపి 25 వోల్టులు చూపించింది కాబట్టి బ్యాటరీ బాగుంది అనేది పెద్ద మోసం. ఇంజన్ ఆపి కొన్ని గంటలైనా అయ్యాక, లేదా హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపాక, ఒక్కో బ్యాటరీ మీద మీటర్ పెట్టండి. 12.6 ఉంటే ఫుల్, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 కి దిగితే ఛార్జింగ్ పెట్టకుండా ముందుకెళ్ళి లాభం లేదు. మూతలున్న బ్యాటరీ అయితే హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్ చూడండి, ఫుల్ ఛార్జ్‌లో 1.24 నుంచి 1.28 మధ్య ఉంటది, అంకె కంటే ముఖ్యం సెల్స్ మధ్య తేడా. ఐదు సెల్స్ 1.25 ఉండి ఒకటి 1.15 దగ్గర ఉంటే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే.

ఇప్పుడు అసలు టెస్ట్. మీటర్ ఒక బ్యాటరీ మీద పెట్టి కీ తిప్పమనండి, సెల్ఫ్ లాగుతున్నప్పుడు ఎంతకి దిగిందో చూడండి, తర్వాత రెండో దాని మీద. ఒక్కోటి 9.5 పైన నిలబడాలి, రెండూ దగ్గర దగ్గరగా దిగాలి. ఒకటి 11 దగ్గర, ఇంకోటి 7 దగ్గర ఉంటే దొంగ దొరికినట్టే.

రెండిట్లో ఒకటే ఎందుకు చస్తది అంటే మన దగ్గర కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, పాటల డెక్, ఫోన్ ఛార్జర్, చిన్న ఫ్యాను, వీటికి 12 వోల్టులు కావాలని ఒక బ్యాటరీ మీద నుంచే వైరు లాగేస్తారు. ఆ బ్యాటరీ రోజూ ఖాళీ అవుద్ది, ఆల్టర్నేటర్ మాత్రం రెండిటికీ కలిపే ఛార్జ్ చేస్తది, దాంతో ఒకటి ఎప్పుడూ నిండదు, ఇంకోటి ఓవర్ ఛార్జ్ అయ్యి నీళ్ళు తాగేస్తది. 24 నుంచి 12 చేసే కన్వర్టర్ ఒకటి పెట్టించుకుంటే ఈ గొడవ ఉండదు, సెల్ఫ్ రిపేర్ ఖర్చుతో పోలిస్తే అదేమంత పెద్ద ఖర్చు కాదు. మార్చేటప్పుడు రెండూ కలిపి, ఒకే కెపాసిటీవి మార్చండి, ఒక పాతది ఒక కొత్తది జత కడితే కొత్తదాన్ని కూడా పాతది లాగేస్తది.

వేరే లారీ నుంచి జంప్ ఇచ్చేటప్పుడు 24 వోల్టుల బండి నుంచే తీసుకోండి, చివరి నెగటివ్ క్లిప్పు బ్యాటరీ మీద కాకుండా దూరంగా ఛాసిస్ మీద పెట్టండి.

స్టెప్ 2: దారిలో ఎంత పోతోంది

ఈ స్టెప్‌ని ఎవరూ చేయరు, ఎక్కువ తప్పులు దొరికేది కూడా ఇక్కడే. కాబట్టి టైం తీసుకోండి.

సెల్ఫ్ లాగే కరెంట్ వందల ఆంపియర్లలో ఉంటది. లెక్క కోసం 300 అనుకోండి. దారిలో ఒక జాయింట్‌కి తుప్పు పట్టి 0.01 ఓమ్ రెసిస్టెన్స్ వచ్చిందంటే 300 ని 0.01 తో గుణించండి, 3 వోల్టులు అక్కడే పోయినట్టు. ఆ 3 వోల్టులు, 300 ఆంపియర్లు కలిపి 900 వాట్ల వేడి. మామూలు మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి కేబుల్ చూస్తే 0.01 కనపడనే కనపడదు, బీప్ కొట్టి కేబుల్ బాగుంది అంటది. చేలో మోటార్ ఆగి ఉన్నప్పుడు పైపు ఎంత బాగుందో చూసి లాభం ఏంటి, నీళ్ళు పారేటప్పుడు కదా ఎక్కడ కారుతుందో తెలిసేది, ఇదీ అంతే, కీ తిప్పి కరెంట్ పోతున్నప్పుడే చూడాలి.

పాత పంపు బళ్ళయితే ఇంజన్ అందుకోకుండా స్టాప్ కేబుల్ లాగి ఉంచండి. సెల్ఫ్ ఎప్పుడూ 10 సెకన్లకి మించి కొట్టొద్దు, రెండు సార్ల మధ్య ఒక నిమిషం పైగా గ్యాప్ ఇవ్వండి. మీటర్ డీసీ వోల్టుల్లో ఉంచండి.

మొదట మొత్తం చూడండి. రెండు బ్యాటరీల బయటి చివర్లలో, అంటే మొత్తం ప్లస్‌కి, మొత్తం మైనస్‌కి మీటర్ పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 20 పైన ఉంటే హాయి, 19 కిందకి వెళ్తే బ్యాటరీ అన్నా వీక్, లేదా సెల్ఫ్ మామూలు కంటే ఎక్కువ లాగుతోంది. తర్వాత కింద సెల్ఫ్ దగ్గర 30 బోల్టుకి, సెల్ఫ్ బాడీకి పెట్టి మళ్ళీ కొట్టించండి. పైన 21, కింద 20.3 వస్తే కేబుల్స్ ఓకే. పైన 22, కింద 17 వచ్చిందనుకోండి, 5 వోల్టులు దారిలో తినేస్తున్నారు, సెల్ఫ్ పాపం ఏం చేస్తది.

ఎక్కడ పోతుందో పట్టుకోడానికి ప్లస్ వైపు, బ్యాటరీ సీసం పోస్ట్ మీద ఒక ప్రోబ్, సెల్ఫ్ 30 బోల్టు మీద ఒక ప్రోబ్. క్లాంప్ మీద కాదు, పోస్ట్ మీదే గుచ్చండి, ఎందుకంటే పోస్ట్‌కీ క్లాంప్‌కీ మధ్య పట్టిన తెల్లపొడి కూడా లెక్కలోకి రావాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు 0.5 లోపు రావాలి. తర్వాత మైనస్ వైపు, బ్యాటరీ మైనస్ పోస్ట్ నుంచి సెల్ఫ్ బాడీకి, అదీ 0.5 లోపే. రెండూ కలిపి 1 వోల్టు దాటితే ఆగి వెతకండి, రెండు బ్యాటరీల మధ్య లింక్ కేబుల్‌ని కూడా ఇలాగే విడిగా చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు. వెతకడం ఎలా అంటే ఒక ప్రోబ్ అలాగే ఉంచి రెండోది జాయింట్ తర్వాత జాయింట్ జరుపుకుంటూ రావడమే, ఎక్కడ అంకె ఒక్కసారిగా గెంతితే అక్కడే తప్పు.

ఎక్కువగా దొరికే చోట్లు చెప్తా. బ్యాటరీ కటాఫ్ స్విచ్, లోపల కాంటాక్టులు కాలి ఉంటాయి, సెల్ఫ్ కొట్టాక చెయ్యి పెడితే వేడిగా తగులుద్ది. కేబుల్ లగ్గు దగ్గర క్రింపింగ్ లోపల పచ్చగా మారిన రాగి, పైకి తొడుగు వల్ల కనపడదు. తర్వాత, అన్నిటికంటే పెద్దది, ఎర్త్. బాడీ కట్టించినప్పుడు, పెయింట్ వేయించినప్పుడు ఛాసిస్ మీద ఎర్త్ లగ్గు కింద కూడా రంగు కొట్టేస్తారు, బోల్టు గట్టిగా బిగించి ఉంటది, చూడటానికి బ్రహ్మాండంగా ఉంటది, కరెంట్ మాత్రం పోదు. విప్పి, మెటల్ మెరిసేదాకా ఎమరీతో రుద్ది, బిగించి, పైన గ్రీజు రాయండి. ఇంజన్ నుంచి ఛాసిస్‌కి వేసే అల్లిక ఎర్త్ పట్టీ కూడా చూడండి, ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటది కాబట్టి ఆ పట్టీ తెగితే కరెంట్‌కి వేరే దారి లేదు. అప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ మీదుగా, గేరు రాడ్ల మీదుగా తిరిగి రావాలని చూస్తది, కేబుల్ తొడుగు కరిగి పొగ రావడం అలా జరిగేదే. యాక్సిలరేటర్ కేబుల్ ఎందుకు కాలిందో తెలీక కేబుల్ మార్చేసి ఊరుకుంటారు కొంతమంది.

భీమవరం, నెల్లూరు వైపు చేపలు రొయ్యల లోడు తిరిగే బళ్ళకి ఐసు నీళ్ళు, ఉప్పు నీళ్ళు ఛాసిస్ మీదకి కారతాయి, ఆ బళ్ళకి ఎర్త్ జాయింట్లు మామూలు బళ్ళ కంటే తరచుగా విప్పి క్లీన్ చేసుకోవాలి.

ఇంకో మాట, కామన్ రైల్ ఇంజన్ల (డీజిల్‌ని ఒకే పైపులో ప్రెషర్ మీద ఉంచి ఇంజెక్టర్లకి పంపేవి) వాళ్ళకి. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు, ఇంజెక్టర్లు పోయాయి, పంపు పోయింది అని పెద్ద ఖర్చులోకి దిగేముందు ఈ స్టెప్ చేయండి. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే రైల్లో ప్రెషర్ లేవదు, వోల్టేజ్ మరీ దిగితే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) రీసెట్ అయిపోద్ది, రెండిట్లోనూ ఇంజెక్షన్ జరగదు. తప్పు తుప్పు పట్టిన లగ్గుది, బిల్లు పంపు షాపుది.

స్టెప్ 3: 50 టెర్మినల్‌కి ఆర్డరు వస్తోందా

టెస్ట్ లాంప్ ఒక వైరు 50 మీద, రెండోది సెల్ఫ్ బాడీ మీద పెట్టి కీ తిప్పమనండి. ఫుల్‌గా వెలిగి, సోలనాయిడ్ కదలకపోతే తప్పు సెల్ఫ్ వైపు. వెలగకపోతే వెనక్కి వెళ్ళాలి, ఫ్యూజు, కీ స్విచ్, స్టార్టర్ రిలే, న్యూట్రల్ స్విచ్, కొన్నిట్లో క్లచ్ స్విచ్. డిమ్‌గా వెలిగితే మీటర్ పెట్టండి, సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ దగ్గర ఎంతుందో దానికి దగ్గరగా రావాలి, 2 వోల్టులకి మించి తేడా ఉంటే కీ స్విచ్ లేదా రిలే కాంటాక్టులు. రిలే మార్చి చూడటం తేలిక, పక్కన అదే రకం రిలే ఇంకోటి ఉంటే అటూ ఇటూ మార్చండి, వోల్టేజ్, పిన్నులు ఒకటేనో కాదో చూసుకుని.

కొత్త బళ్ళలో, ముఖ్యంగా 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 లో, చాలావాటికి కీ నుంచి నేరుగా సెల్ఫ్‌కి పోదు, ఈసీయూ ఒప్పుకుంటేనే రిలే పడుద్ది. న్యూట్రల్‌లో ఉన్నట్టు సెన్సర్ చెప్పకపోతే ఒప్పుకోదు. ఇలాంటి బళ్ళలో రోడ్డు మీద వైర్లు కోసి డైరెక్ట్ స్విచ్ పెట్టేవాళ్ళు ఉంటారు, దయచేసి పెట్టించుకోకండి, గేర్లో ఉన్నా స్టార్ట్ అయ్యే బండి అవుద్ది అది.

స్టెప్ 4: సోలనాయిడా, మోటారా

30 దగ్గర వోల్టేజ్ బాగుంది, 50 కి ఆర్డరు వస్తోంది, టక్ మంటోంది, తిరగట్లేదు. ఇప్పుడు మీటర్ ఒక ప్రోబ్ 30 బోల్టు మీద, రెండోది మోటార్‌లోకి వెళ్ళే బోల్టు మీద పెట్టి కీ తిప్పించండి. కాంటాక్ట్ బాగా కలిస్తే 0.5 లోపు చూపిస్తది. టక్ మన్నా కూడా ఫుల్ వోల్టేజ్ అలాగే చూపిస్తోందంటే బిళ్ళ కలవలేదు, కాలిపోయింది. ఒకసారి పట్టి నాలుగుసార్లు పట్టకపోవడం దీని లక్షణమే, బిళ్ళ తిరిగి మంచి చోట తగిలినప్పుడు పనిచేస్తది.

మోటార్ బోల్టుకి, బాడీకి మధ్య వోల్టేజ్ వస్తోంది, అయినా మోటార్ చలనం లేదు, లైట్లు కూడా తగ్గట్లేదు అంటే బ్రష్షులు ఆర్మేచర్‌కి తగలట్లేదు. అప్పుడు సుత్తి పిడితో బాడీ మీద చిన్నగా తడితే ఒకసారికి పనిచేస్తది, ఇంటికి చేరడానికి అది చాలు. కానీ కొత్త రకం చిన్న సెల్ఫుల్లో కొన్నిటికి కాయిల్స్ బదులు అయస్కాంతాలు ఉంటాయి, వాటిని సుత్తితో కొడితే అయస్కాంతం పగిలి ఉన్నది కూడా పోద్ది.

క్లాంప్ మీటర్ ఉంటే ఇంకా తేలిగ్గా తేలుద్ది. కరెంట్ బాగా ఎక్కువ లాగుతూ నెమ్మదిగా తిరుగుతోందంటే లోపల ఏదో పట్టేస్తోంది, బుష్షులు అరిగి ఆర్మేచర్ పక్కలకి రాసుకోవడం, వైండింగ్ షార్ట్, లేదా ఇంజనే టైట్. కరెంట్ తక్కువ, వోల్టేజ్ బాగుంది, అయినా నెమ్మది అంటే బ్రష్షులు, కమ్యుటేటర్ (ఆర్మేచర్ మీద బ్రష్షులు ఆనే రాగి భాగం) మసి.

ఇంజన్ టైట్ అన్నాను కదా, సెల్ఫ్ విప్పేముందు ఇంజన్‌ని చేత్తో, క్రాంక్ పుల్లీ బోల్టుకి పెద్ద పానా వేసి ఒక రౌండ్ తిప్పండి. బోల్టు బిగిసే వైపే తిప్పాలి, కీ ఆఫ్‌లో ఉండాలి. కంప్రెషన్ వచ్చినప్పుడు బరువెక్కి దాటిపోవాలి. ఒకచోట గోడకి తగిలినట్టు ఆగిపోతే బలవంతం చేయొద్దు, సిలిండర్‌లోకి కూలెంట్ నీళ్ళు గానీ డీజిల్ గానీ చేరి ఉండొచ్చు, అలాంటప్పుడు సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుద్ది. రేడియేటర్ నీళ్ళు కారణం లేకుండా తగ్గుతున్న బండి అయితే ఈ అనుమానం గట్టిగా పెట్టుకోండి.

స్టెప్ 5: విప్పాక

బ్యాటరీ నెగటివ్ తీశాకే విప్పాలి. పెద్ద సెల్ఫులు మంచి బరువుంటాయి, ఆఖరి బోల్టు తీసేటప్పుడు కింద పొట్టమీద పడకుండా ఇంకో చెయ్యి ఉండాలి. మధ్యలో షిమ్ (పల్చటి రేకు) ఉంటే దాచి పెట్టుకోండి, అది లేకుండా బిగిస్తే పినియన్‌కీ రింగ్‌కీ మధ్య గ్యాప్ మారిపోద్ది.

బెంచీ మీద వైస్‌లో గట్టిగా పట్టించి మాత్రమే ట్రై చేయండి, చేత్తో పట్టుకుని కరెంట్ ఇస్తే అది ఎగిరి పడుద్ది. లోడు లేకుండా కొన్ని సెకన్లే తిప్పండి. ఫ్రీగా ఒకే శబ్దంతో తిరగాలి, పినియన్ పూర్తిగా బయటకి వచ్చి, కరెంట్ తీయగానే లోపలికి పోవాలి. అయితే ఒకటి, బెంచీ మీద బాగా తిరిగినంత మాత్రాన సెల్ఫ్ మంచిదని సర్టిఫికెట్ ఇచ్చేయకండి, లోడు పడితేనే బయటపడే జబ్బులు చాలా ఉన్నాయి.

పినియన్‌ని చేత్తో ఒకవైపు తిప్పితే ఫ్రీగా తిరగాలి, ఇంకోవైపు ఆర్మేచర్‌తో సహా తిరగాలి. రెండువైపులా జారితే క్లచ్ పోయింది. దీన్ని పెట్రోల్లో డీజిల్లో ముంచి కడగొద్దు, లోపలి గ్రీజు కడుక్కుపోయి కొత్తది కూడా జారుద్ది, గుడ్డతో తుడిస్తే చాలు. బ్రష్షులు కొత్తవాటితో పోలిస్తే సగానికి అరిగితే మార్చేయండి, స్ప్రింగులు కూడా చూడండి. కమ్యుటేటర్ నల్లగా ఉంటే సన్న సాండ్ పేపర్‌తో తుడవచ్చు, గీతలు లోతుగా ఉంటే లేత్ మీద కోయించి, రాగి ముక్కల మధ్య ఉన్న మైకాని కొంచెం లోతుకి గీయించాలి. ఆ పని ఎగ్గొట్టే షాపులు ఉన్నాయి, అలా చేస్తే కొత్త బ్రష్షులు తొందరగా అయిపోతాయి. ఆర్మేచర్ ఇనుముకీ కమ్యుటేటర్‌కీ మధ్య బ్యాటరీతో టెస్ట్ లాంప్ కలిపి చూస్తే, అది వెలిగితే ఆర్మేచర్ ఎర్త్ అయినట్టు. లోపల అంతా ఇంజన్ ఆయిల్ ఉంటే అది వెనక ఆయిల్ సీల్ నుంచి వచ్చినది, సీల్ మార్చకుండా సెల్ఫ్ బాగుచేస్తే మళ్ళీ ఇక్కడికే వస్తారు.

బ్రష్షులు, బుష్షులు, కాంటాక్టులు, క్లచ్ వరకు అయితే రిపేర్ చేయించుకోవడమే నా సలహా. ఆర్మేచర్, ఫీల్డ్ కాయిల్ రెండూ కాలితే మాత్రం కొత్తది లేదా కంపెనీ రీకండిషన్ దాని రేటు అడిగి చూడండి, ఊరికే రీవైండింగ్‌కి ఇవ్వకండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత పార్టులు మీ కళ్ళముందే తీయించి, మీకే ఇమ్మనండి.

ఎందుకు కాలిందో కూడా తెలియాలి కదా. మామూలుగా డీజిల్ అయిపోయి గాలి పట్టిన బండిని హ్యాండ్ పంపుతో గాలి తీయకుండా సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టడం వల్ల కాలుద్ది. పాత డ్రైవర్లు కొందరు అయితే కీ 30 సెకన్లు అలాగే పట్టుకుని ఉంటారు, లోపల సోల్డర్ కరిగి ఎగిరిపోద్ది. వాటర్ సర్వీసింగ్‌లో నేరుగా సెల్ఫ్ మీదకి ప్రెషర్ కొట్టించడం ఇంకోటి.

బిగించేటప్పుడు సెల్ఫ్ కూర్చునే ముఖం, బోల్టు ఆనే చోటు రంగు, తుప్పు లేకుండా తుడవండి, చాలా సెల్ఫులకి అదే ఎర్త్. నెగటివ్ చివర్లో పెట్టి, స్టార్ట్ చేసి, స్టెప్ 2 లో రెండు కొలతలు మళ్ళీ తీసి డోర్ లోపల మార్కర్‌తో రాసి పెట్టుకోండి, తర్వాత ఎప్పుడైనా అనుమానం వస్తే పోల్చుకోడానికి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీల మీద 27.5 నుంచి 28.5 మధ్య రావాలి. 26 దగ్గరే ఉంటే ఆల్టర్నేటర్ బెల్టు, రెగ్యులేటర్ చూపించండి, లేకపోతే వారం తిరిగేసరికి బ్యాటరీ దిగి మళ్ళీ టక్ మంటది, మళ్ళీ సెల్ఫ్‌నే తిడతారు.